కడుపులో గడ్డలు, చేతికి కట్టు

దర్జీ దంపతులు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టు తలుపుకు "గుడ్డ కొనడానికి వెళ్ళాం, రేపు వస్తాం" అని కాగితం అంటించాలి, ఆసుపత్రికి వెళ్ళాలి, మర్నాడు తిరిగి రావాలి. ఆడపడుచుకు మాత్రం తెలియకూడదు.

గర్భసంచిలో గడ్డలతో భార్య నాలుగేళ్ళుగా అవస్థ పడుతోంది. మరక కనపడకుండా మిషను ముందరి స్టూలుకు ముదురు రంగు గుడ్డ తొడిగి, నెలకు పది రోజులు పళ్ళ బిగువున కుట్టేది. సంగతి ఆడపడుచు చెవిన పడితే "సంచి తీయించెయ్, పీడా పోతుంది" అని తనే తారీఖు ఖాయం చేసేస్తుంది. ఆవిడ మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. భార్యకేమో సంచి ఉంచుకోవాలని ఉంది. కోత లేకుండా గడ్డల్ని ఎండబెట్టే వైద్యం ఉందని విని, తనే వెతుక్కుంటూ వెళ్ళి కనుక్కుంది. డాక్టరు బొమ్మ గీసి వివరిస్తున్నంతసేపూ భర్త పక్కనే కూర్చున్నాడు. కాని ఆయన కళ్ళు డాక్టరు చొక్కా కాలరు మీద ఉన్నాయి. కుడివైపు అర అంగుళం తక్కువ కత్తిరించారు. ఆ బాధలో వైద్యం ఆయన చెవికెక్కలేదు.

మధ్యాహ్నం భార్యను తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. మత్తులో ఉంది. దుప్పటి సర్దబోయి భర్త చూశాడు. పొట్ట మీద గీత కూడా లేదు. ఎడమ మణికట్టుకు మాత్రం బిగించిన కట్టు ఉంది.

ఆయన ముప్ఫై ఏళ్ళుగా గుడ్డ కత్తిరిస్తున్న మనిషి. ముందు ముక్క అనుకుని వెనక ముక్కకు కత్తెర పెట్టడం, ఆనక అతుకు వేసి ఏమీ ఎరగనట్టు ఇస్త్రీ చెయ్యడం ఎలా జరుగుతాయో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"సిస్టర్, అయిపోయిందా?"

"అయిపోయిందండీ. ఆ చెయ్యి మాత్రం కదలనివ్వకండి, రక్తం వస్తుంది."

ఆయన రహస్యమన్న మాట మరిచిపోయి అక్కకు ఫోను చేశాడు.

"అక్కా, మేం గుడ్డ కొనడానికి రాలేదే. ఆసుపత్రిలో ఉన్నాం. నీ మరదలికి కడుపులో గడ్డలుంటే చెయ్యి కోశారు!"

"చెయ్యా? ఒరేయ్, ఏడవకుండా చెప్పు. వద్దులే, ఏమీ చెప్పకు. దేనిమీదా సంతకం పెట్టకు. వస్తున్నా."

ఆవిడ వచ్చేలోగా ఆయన బుర్రకు ఇంకోటి తట్టింది. పొట్టవాళ్ళకు చేతి పని చేస్తే, చేతివాళ్ళకు పొట్ట పని చేసి ఉంటారు కదా! పక్క గదిలోకి తొంగిచూశాడు. చేతికి పెద్ద సిమెంటు కట్టుతో ఒక వాచ్‌మన్ యాపిల్ తింటున్నాడు.

"బాబూ, మీకు చేతికేనా ఆపరేషను?"

"అవునండీ. రాడ్డు వేశారు."

"పొట్ట కూడా ఒకసారి చూసుకోండి."

"పొట్టెందుకండీ?"

"చూసుకుంటే పోయేదేముంది?"

వాచ్‌మన్ చొక్కా ఎత్తాడు. చిన్నప్పటి మచ్చ ఒకటి కనిపించింది. ఇన్నేళ్ళూ అతను దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు పెట్టిన కేక కింది అంతస్తు దాకా వినిపించింది.

సరిగ్గా అప్పుడే ఆడపడుచు దిగింది. వెంట తన తోడికోడలు, వియ్యపురాలు, పక్కింటావిడ. ఫిర్యాదు రాయడానికి తెల్ల కాగితాలు కూడా తెచ్చుకుంది. డాక్టరు పరుగున వచ్చాడు.

"నువ్వేనా కోసింది? పొట్టకీ చేతికీ తేడా తెలీదుటయ్యా నీకు?"

"కోతే లేదమ్మా. మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గర్భసంచి దాకా పంపించాం. గడ్డలకు రక్తం వెళ్ళే దారిలో ఇసుక రేణువుల్లాంటివి వదిలాం. తిండి అందక గడ్డలు కొన్ని నెలల్లో కుంచించుకుపోతాయి."

"చేతిలోంచి కడుపులోకా? ఎవరికి చెబుతావ్!" అంది తోడికోడలు.

ఆ గోలకు భార్య కళ్ళు తెరిచింది. కుడిచేత్తో తడుముకుని భర్త చొక్కా అంచు పట్టుకుంది.

"ఏమండీ, లంగాకి నాడా ఎక్కిస్తాం కదా. పిన్నీసు ఒకచోట దూరిస్తే నడుం చుట్టూ వెళ్తుందా లేదా? అలాగే."

భర్త మొహం విప్పారింది. "అలా చెప్పాలి కదండీ డాక్టరుగారూ!" అన్నాడు నిష్ఠూరంగా. వాచ్‌మన్‌కు నచ్చజెప్పి రమ్మని నర్సు ఆయన్నే పంపింది.

గదిలో ఆడవాళ్ళూ డాక్టరూ మిగిలారు. భార్యకు అసలు భయం ఇప్పుడు పట్టుకుంది.

"వదినా, తిట్టకండి. నేను సంచి తీయించుకోను."

ఆడపడుచు మంచం అంచున కూర్చుని, మరదలి నుదుటి మీది వెంట్రుకలు సర్దింది. గొంతు తగ్గించి డాక్టరును అడిగింది.

"ఆరేళ్ళనుంచి నాకూ ఇదే గోలయ్యా. ఆపరేషనంటే భయం. ఊళ్ళోవాళ్ళకు మాత్రం తీయించుకోండని చెబుతూ తిరిగాను. నాకు కుదురుతుందా ఇది?"

"స్కాన్ చూసి చెబుతానమ్మా. అందరికీ ఒకటే పనికిరాదు. కొందరికి మందులు చాలు. కొందరికి చిన్న రంధ్రాల్లోంచి గడ్డ మట్టుకు తీస్తాం. కొందరికి పైనుంచి ధ్వని తరంగాలు పంపి గడ్డను మాడుస్తారు."

"నాకు చెప్పలేదేం వదినా ఇన్నాళ్ళూ?" అంది భార్య.

"నువ్వు చెప్పావా నాకు? చెయ్యి కదపకు."

వెనకనుంచి తోడికోడలు దగ్గింది. "స్కానింగు ఎన్నింటికి మొదలెడతారండీ?" వియ్యపురాలు పక్కింటావిడ వంక చూసింది. పక్కింటావిడ నేల వంక చూసింది.

మర్నాడు పొద్దున స్కానింగు గది బయట బల్ల మీద చేతి కట్టుతో ఉన్న భార్యతో కలిపి అయిదుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. అందులో నలుగురు, ముందు రోజు ఫిర్యాదు రాయడానికి వచ్చినవాళ్ళే.