మొహం మార్చే మీటలు

మీట మీద అచ్చేసిన అక్షరం చచ్చేదాకా అక్కడే పడుండటం కూడా ఒక నాగరికతేనా? ఛీ! అందుకే మా పురపాలక కార్యాలయం కొత్త కీబోర్డులు తెప్పించింది. ఒక్కో మీటా ఒక్కో బుల్లి తెర. పొద్దున స్వీడిష్ అక్షరాలు, అరబ్బీ మాట్లాడేవాళ్ళొస్తే అరబ్బీ అక్షరాలు, మూడింటికి కాఫీ వేళ అన్ని మీటల మీదా దాల్చినచెక్క బన్ను బొమ్మ! స్వర్గంలో మాత్రం ఇంతకంటే ఏముంటుంది?

పూర్వం మేము కీబోర్డు వంక చూసేవాళ్ళమే కాదు. ఇప్పుడు తల ఎత్తడం లేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో చూడాల్సిన కర్మ తప్పింది. మెడనొప్పులంటారా, వాటికి వేరే కమిటీ వేశాం.

ఇంత వైభోగంలోనూ సుఖపడటం చేతకాని మనిషి ఒకావిడ ఉంది. ఫోన్ల దగ్గర కూర్చునే ఇంగేలా. పుట్టుకతోనే చూపు లేదు. ఇరవయ్యారేళ్ళుగా, అవతలివాళ్ళ మాట పూర్తయ్యేలోపే టైపు కొట్టేసేది. పాత కీబోర్డులో రెండు మీటల మీద చిన్న బొడిపెలుండేవి. వాటి మీద చూపుడువేళ్ళు ఆనితే చాలు, మిగతావన్నీ చేతికి తెలిసిపోయేవి. కొత్తది నున్నటి అద్దం. వేలు కాస్త జరిగిందా, గుమ్మంలో మంచు తీయించమన్న ముసలాయన చిరునామా పక్కవీధికి పోతుంది.

ఆవిడ తన ఇబ్బంది చెప్పుకుంది. మా దేశంలో ఎవరి మాటా కాదనరు, మీటింగు పెడతారు. మూడు మీటింగులయ్యాక అధికారి స్టెల్లాన్ ఎంతో ప్రేమగా చెప్పాడు:

"నీ కోసమే అక్షరాలు బాగా పెద్దవి చేయించాం, ఇంగేలా. పసుపు మీద నలుపు. ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి."

"ఎవరికి?" అంది ఆవిడ.

ఆ ప్రశ్నను మీటింగు మినిట్స్‌లో రాసుకున్నాం.

ఆవిడ తనే రెండు మీటల మీద గోళ్ళరంగు చుక్కలు ఉబ్బెత్తుగా పెట్టుకుంది. రెండు రోజులు పని హాయిగా సాగింది. తెరకి మచ్చ పడిందని పైనుంచి మాట రాగానే మూడో రోజు నేనే వెళ్ళి తుడిచాను. మరి బొమ్మ కనబడొద్దూ?

తప్పులు పెరిగాయి. ఇంగేలాకి విశ్రాంతి మంజూరైంది. వద్దని ఏడ్చింది. ఆ ఫోన్లో గొంతులు తప్ప తనకి వేరే లోకం లేదంది. అయినా పంపే రోజు కేకు కోశాం. ఆవిడ కీబోర్డు మీదే వీడ్కోలు మాట వెలిగించాం, మీటకో అక్షరం, చుట్టూ పువ్వులు. కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు.

ఇంగేలా ఆ అద్దాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమింది. "ఏం రాశారో ఎవరైనా చదివిపెట్టండి," అంది.

స్టెల్లానే గొంతు సవరించుకుని చదివాడు: "నువ్వు లేనిదే మాకు గడవదు."

అందరం చప్పట్లు కొట్టాం. నేను అందరికంటే గట్టిగా కొట్టాను.