అరబ్బీ నేర్చుకోనక్కర్లేదు, ఎంచుకుంటే చాలు!

అరబ్బీ నేర్చుకోవాలనుకునే వాళ్ళకు ఇంతకంటే మంచి కాలం మునుపెన్నడూ లేదు, ఇకమీదట రాదు. ఎందుకంటారా? ఈ కాలంలో అరబ్బీ నేర్చుకోనక్కర్లేదు. ఎలా నేర్చుకోవాలో ఎంచుకుంటూ కూర్చుంటే చాలు! జీవితం హాయిగా వెళ్ళిపోతుంది.

పూర్వం జనానికి పాపం ఈ సుఖం లేదు. పంతులు ఒకడే, పుస్తకం ఒకటే, బెత్తం ఒకటే. ఇక ఎంచుకునేదేముంది? చచ్చినట్టు నేర్చుకునేవాళ్ళు. ఆ అనాగరిక దశనుంచి మనం ఎంత దూరం వచ్చామో నా అనుభవమే చెబుతుంది, చిత్తగించండి.

నాది కళ్ళద్దాల దుకాణం. పొద్దస్తమానం జనం ముక్కుమీద అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇది బాగుందా? ముందుదే నయమా?" అని అడగడం నా వృత్తి. కాబట్టి ఎంపిక విషయంలో నాకు కాస్త అహంభావం ఉంది. ఉండనివ్వండి, పోయేదేముంది!

మా అమ్మాయి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. అదే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే కుర్రవాణ్ణి పెళ్ళి చేసుకుంది. బంగారంలాంటి అల్లుడు. అతని ఇంటి భాష అరబ్బీ. దంపతులిద్దరూ ఆసుపత్రిలో అందరూ మాట్లాడే మూడో భాషలో సంసారం చేసుకుంటున్నారు, మాకు పక్క వీధిలోనే. ఇంతవరకూ పేచీ లేదు.

ఈలోగా అమ్మాయి నెల తప్పింది. ఆ కబురు వినగానే వియ్యపురాలు, వీసా చేతికి రాగానే బయల్దేరతానంది. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. పెళ్ళికి వీసా దొరక్క రాలేకపోయిన మనిషి, ఈసారి కాన్పు అయ్యేదాకా ఉంటానంది. విమానం దిగి మా ఊరికి రైల్లో వస్తుందట, ఉండేది మా ఇంట్లోనే. ఆవిడకు అరబ్బీ తప్ప మరో భాష రాదు.

"వచ్చిన మనిషిని చూసి బొమ్మల్లా నవ్వి ఊరుకుంటే ఏం బాగుంటుందండీ?" అంది మా ఆవిడ. "మీరు నాలుగు ముక్కలు నేర్చుకుని నాకూ చెప్పండి. దుకాణంలో ఎటూ ఈగలు తోలుకుంటున్నారుగా!"

అల్లుడు ఈ మాట విని ఎంతో సంబరపడ్డాడు. "తనే నేర్పుతానంటున్నాడు నాన్నా, రోజూ సాయంత్రం వస్తాట్ట" అని అమ్మాయి చెప్పింది.

నాకు జాలేసింది. "అతనికొచ్చింది వట్టి మాతృభాషే కదమ్మా! నేర్పడమంటే ఓ మెథడ్ ఉండొద్దూ?" అన్నాను. నిజమే కదా? పుట్టినప్పటినుంచీ అప్పనంగా మాట్లాడేస్తున్నవాడికి, ఆ భాష నేర్చుకోవడంలోని కష్టం ఏం తెలుస్తుంది!

కంప్యూటర్లమ్మే మా బావమరిది దగ్గరికి వెళ్ళాను. అతను గదిలో కుర్చీ లాగి కూర్చోబెట్టి, "అరబ్బీ బిగినర్లకు బెస్ట్ రిసోర్సులు" అని కొట్టి, స్క్రీన్ నావైపు తిప్పాడు. ఆహా! పెళ్ళివారి విస్తరి ముందు కూర్చున్నట్టయింది. ఆప్‌లు, పాడ్‌కాస్టులు, వీడియోలు, పీడీఎఫ్‌లు, ఫ్లాష్‌కార్డులు! వీటిలో మంచివి ఏరిన జాబితాలు, ఆ జాబితాల్లో మంచి జాబితాలు ఏవో చెప్పే జాబితాలు!

"ఏదో ఒకటి పట్టుకో బావా" అన్నాడు బావమరిది.

ఏదో ఒకటా! కొనబోయేది వంకాయలనుకున్నాడా?

మొట్టమొదట ఆప్‌తో మొదలుపెట్టాను. అది నాచేత పలికించిన మొదటి వాక్యానికి అర్థం "పక్కింటి బాతు చాలా ఉదారమైనది" అట. బాగానే ఉంది. వియ్యపురాలు రైలు దిగగానే బాతు ప్రసక్తి ఎలా తేవాలో ఆలోచిస్తుండగా, ఆ ఆప్ శుద్ధ దండగని చెప్పే వీడియో ఒకటి కంటపడింది. చెప్పినతను గడ్డం పెంచుకుని, వెనకాల పుస్తకాల బీరువా పెట్టుకున్నాడు. అలాంటివాడి మాట కాదనగలమా? అతని వీడియోలన్నీ వరసగా చూశాను. అరబ్బీకి ఏ హెడ్‌ఫోన్లు శ్రేష్ఠమో, ఏ దీపం కింద చదవాలో, ఏ రంగు కార్డుమీద రాస్తే మాట బుర్రకెక్కుతుందో పూసగుచ్చినట్టు చెప్పాడు. అరబ్బీ మాత్రం చెప్పలేదు. గొప్ప గురువులంతే, సూచన చేసి వదిలేస్తారు!

అతని సలహామీదే ఒక ఫోరంలో చేరాను. అక్కడ తెలిసింది, నేను ఎంత పెద్ద ప్రమాదం అంచున ఉన్నానో! అరబ్బీ అంటే ఒక అరబ్బీ కాదట. రాతలో ఉండేది ఒకటి, నోట్లో నానేది మరొకటి. పుస్తకాల అరబ్బీ నేర్చుకుంటే వార్తలు అర్థమవుతాయిగానీ వీధిలో రొట్టె కొనలేవన్నాడొకడు. వీధి అరబ్బీ నేర్చుకుంటే రొట్టె దొరుకుతుందిగానీ సరిహద్దు దాటితే నవ్వుతారన్నాడు ఇంకొకడు. 'ఇసుకతుఫాను' అనే మారుపేరుగల మహానుభావుడు ఇద్దర్నీ మూర్ఖులని తేల్చేశాడు. ముగ్గురూ తిట్టుకున్నారు, అరబ్బీలో కాదులెండి.

నేను వినయంగా నా గోడు చెప్పుకున్నాను. "మీకు ఎవరి అరబ్బీ కావాలి?" అని అడిగాడు ఇసుకతుఫాను.

"మా వియ్యపురాలిది."

"ఆవిడది ఏ యాస?"

"తెలీదు. ఫోన్లో మాత్రం కాస్త గట్టిగా మాట్లాడుతుంది."

దాంతో ఆయన నన్ను సీరియస్ విద్యార్థుల పట్టికలోంచి తీసేశాడు.

ఇక లిపి సంగతి. ముందు లిపి నేర్చుకోకపోతే జన్మలో రాదని ఒక వర్గం. లిపి జోలికి పోతే జన్మలో నోరు తెరవవని ఇంకో వర్గం. మధ్యేమార్గంగా, ఇంగ్లీషు అక్షరాల మధ్య మూడు, ఏడు అంకెలు ఇరికించి అరబ్బీ రాసే పద్ధతి ఒకటుంది. గొంతు శబ్దాలకు ఆ అంకెలు గుర్తులు. నా కాగితం చూసి మా ఆవిడ, "ఎవరి ఫోన్ నంబరండీ ఇది, కొట్టేసి కొట్టేసి రాశారు?" అంది.

ఆ గొంతు శబ్దాల్లో ఒకటి మరీ లోతుది. బావిలోంచి చేదతో తోడినట్టు తియ్యాలి. దుకాణంలో సాధన చేస్తుంటే, కళ్ళు పరీక్ష చేయించుకోవడానికొచ్చిన పెద్దమనిషి అద్దాల చట్రం నా ముఖాన పెట్టేసి, "ముందు మీరు డాక్టర్‌కి చూపించుకోండి" అని వెళ్ళిపోయాడు. విద్యార్థికి ఆ మాత్రం త్యాగం తప్పదు!

మధ్యమధ్య లెవెల్ టెస్టులు రాస్తూనే ఉన్నాను. ప్రతి సైటూ ఉచితంగా పెడుతుంది. ప్రతి సైటూ "అభినందనలు! మీరు బిగినర్!" అని పటాకులు పేల్చింది. అమ్మాయికి పొట్ట కనిపించడం మొదలైంది, నేను బిగినర్ని. అల్లుడు ఉయ్యాల కొనుక్కొచ్చి బిగించాడు, నేను బిగినర్ని. నిలకడ అంటే ఇదీ!

చివరికి వియ్యపురాలు వచ్చే రోజు రానే వచ్చింది. ఏ పలకరింపు వాడాలో అప్పటికింకా ఫోరంలో తేలలేదు. ఒకటి మరీ పుస్తకాలదిట, ఒకటి మరీ కుర్రకారుదిట. అయినా ధైర్యం చేసి ఒకదాన్ని బట్టీపట్టి స్టేషన్‌లో నిలబడ్డాను. నా పక్కన మా ఆవిడ, అమ్మాయి, అల్లుడు.

రైలు దిగింది ఆవిడ. నిలువెత్తు మనిషి. చేతిలో పెట్టె, చంకలో సంచి, కళ్ళకు పాతకాలపు చట్రం. కొడుకును హత్తుకుంది, కోడలి పొట్టమీద చెయ్యి వేసి కళ్ళొత్తుకుంది. తర్వాత నావైపు తిరిగింది. నేను గొంతు సవరించుకుని, బావిలోంచి చేద లాగాను. ఆ చేద సగంలోనే తెగింది. పొలమారింది. దగ్గు ఆగలేదు.

ఆవిడ కంగారుగా సీసా నా నోటికందించి, ఎంతో ఆప్యాయంగా ఇలా అంది:

"ఓరీ! జలము త్రాగుము!"

స్టేషన్ గిర్రున తిరిగింది. అది తెలుగు! అరసున్నా ఒక్కటే తక్కువ!

"మూటలు దించుము!" అంది ఆవిడ మా ఆవిడవైపు తిరిగి, మొహమంతా నవ్వుతో. అది కుశలప్రశ్న అని ఆవిడ ఉద్దేశం. మా ఆవిడ చటుక్కున సంచి అందుకుంది.

ఇంటికెళ్ళాక అల్లుడు చెప్పిందీ, అమ్మాయి తర్జుమా చేసిందీ ఇది. కోడలి తల్లిదండ్రులతో వాళ్ళ భాషలోనే మాట్లాడాలని ఆవిడ పంతం పట్టింది. అరబ్బీలోంచి తెలుగు నేర్పేది ఏదైనా ఉందేమోనని తనూ రిసోర్సులు వెతికింది. ఊళ్ళో కొట్లన్నీ గాలించింది. ఫోన్లో వెతికితే, "మీరు వెతుకుతున్నది టెలిఫోనా?" అని అడిగిందట. చివరికి పాత పుస్తకాల కొట్టులో ఒక్కటంటే ఒక్క పుస్తకం దొరికింది. ఎవరో పరదేశపు అధికారి, ఏ కాలంవాడో, నౌకర్లకు ఆజ్ఞలిచ్చుకోవడానికి రాయించుకున్నదట. దానికి ఇంకెవరో అరబ్బీ అర్థాలు పెన్సిల్‌తో రాసి ఉంచారు.

అట్టలేని పుస్తకం. రెండోది లేదు. పాపం, ఎంచుకునే భాగ్యం లేక ఆవిడ కూర్చుని నేర్చేసుకుంది!

ఆ పూట భోజనాల దగ్గర, మా ఆవిడ వడ్డిస్తుంటే వియ్యపురాలు ఆమె చెయ్యి పట్టుకుని, కళ్ళల్లోకి చూస్తూ, మెత్తగా అంది: "కడు రుచిగానున్నది. లేనిచో జీతము కోసెదను."

మా ఆవిడ నవ్వుతూ నవ్వుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో నా వంటని మెచ్చుకున్న మనిషి ఈవిడేనమ్మా!" అంది అమ్మాయితో. ఇద్దరూ ఆ పూటనుంచీ ఒక జట్టు. ఒకరు మాట, ఒకరు సైగ, వంటింట్లో ఒకటే కబుర్లు. మా ఆవిడ వియ్యపురాల్ని అడిగి అరబ్బీలో నీళ్ళు, ఉప్పు, కత్తి, చంటిబిడ్డ అనే మాటలు నేర్చేసింది. ఏ మెథడూ లేకుండానే!

నేను మాత్రం నా రిసోర్సుల జాబితా వియ్యపురాలికి సగర్వంగా చూపించాను. ఆవిడ కొడుకుచేత చదివించుకుని, తలాడించి, ఒక ప్రశ్న అడిగింది.

"బిడ్డకు అరబ్బీ నేను నేర్పెదను. తెలుగు ఎవరు నేర్పెదరు? ఏ పుస్తకము?"

అరబ్బీకైతే అప్పటికప్పుడు అరవై పేర్లు చెప్పగలను. తెలుగుకు? మన భాష బాలశిక్ష దగ్గరే ఆగిపోయిందని ఆవిడతో ఎలా చెప్పను? పరాయివాడు మన భాష నేర్చుకుంటానని గుమ్మంలో నిలబడితే, మనం "అబ్బో! మీకు తెలుగొచ్చే!" అని చప్పట్లు కొడతాం, ఒక్క పాఠం చెప్పం. తేనె, అమృతం అంటూ సభలు పెట్టి పొగుడుకుంటాం, ఒక్క చుక్క ఎవరికీ పొయ్యం. తన గుర్రానికి గడ్డి వేయించుకోవాల్సొచ్చి ఆ అధికారి పూనుకున్నాడుగానీ, లేకపోతే అదీ ఉండేది కాదు!

"అమ్మాయి నేర్పుతుందిలెండి" అన్నాను తేలిగ్గా.

అమ్మాయి తల దించుకుంది. దానికి మాట్లాడటమే వచ్చు. చదవడం, రాయడం రావు. స్కూల్లో తెలుగు లేదు, ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టలేదు.

ఆవిడ సంగతి గ్రహించింది. ఎంతైనా హెడ్మిస్ట్రెస్ కదా! సంచిలోంచి ఆ అట్టలేని పుస్తకం తీసింది, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది, వీపుకు దిండు సర్దింది. కోడలి వేలు పట్టుకుని అక్షరంమీద పెట్టింది.

"తిన్నగా కూర్చుండుము. ఇది 'అ'. మరల వ్రాయుము."

పాఠం ఇప్పటికీ రోజూ సాగుతోంది. పాఠకులారా, ఇంతకంటే శుభవార్త ఏం కావాలి? మన భాష గురించి మనం బెంగపెట్టుకోనక్కర్లేదు. పరాయిదేశంనుంచి ఎవరో ఒకరు పెట్టె సర్దుకుని వచ్చి, మన పిల్లలకు నేర్పి వెళతారు. మనం నిశ్చింతగా అరబ్బీ ఎంచుకుందాం!

రేపు పుట్టబోయే బిడ్డ నన్ను తాతయ్యా అనకుండా "ఓరీ" అని పిలిచినా నేను పలుకుతాను. అదైనా తెలుగే కదా!