అటక మీద చెరువు

ఆ మూడంతస్తుల భవనంలో అందరూ ఆయన్ని బొట్టు బాబాయి అంటారు. నీటి ఎద్దడి మొదలైనప్పటి నుంచి ఎవరు కనబడినా, ప్రతి బొట్టూ పొదుపు చేయాలని పాఠం చెప్పి గాని వదలడు. ఇంటికి రెండు డ్రమ్ములకు మించి నిల్వ చేయకూడదని మెట్ల దగ్గర నోటీసు అంటించిందీ ఆయనే.

నోటీసు జిగురు ఆరకముందే, భార్య పుట్టింటికి వెళ్లిన రోజు చూసుకుని, మూడో అంతస్తులోని తన ఇంట్లో అటక మీద, పాత బొంతల వెనకాల పెద్ద ట్యాంకు పెట్టించాడు. అన్ని ఇళ్లకూ వీధి నీళ్లొచ్చే ఒకే గొట్టానికి మోటారు తగిలించాడు. మోటారు ఆగాక నీళ్లు వెనక్కి పోకుండా ఒక వాల్వు కావాలని, మర్నాడు వచ్చి కింద గోడ దగ్గర బిగించి పోతానని ప్లంబరు చెప్పాడు. సరేనని, మర్నాడు పొద్దున్నే భార్య తిరిగొచ్చాక బాబాయి నిశ్చింతగా ఆఫీసుకు పోయాడు.

ఆ సాయంత్రం ట్యాంకు మొదటిసారి నిండగానే కింది ఇంటి బాలింత ఖాళీ బిందెతో మెట్లెక్కి వచ్చింది. బిడ్డకు నీళ్లు పోయాలి, ఒక్క బిందె సర్దమంది. నెత్తి మీద చెరువు పెట్టుకుని బాబాయి ఆమెకు పొదుపు గురించి చక్కగా బోధించాడు. ఆమె ఖాళీ బిందెతోనే దిగిపోయింది. భార్య ఆయన్ని ఒకసారి చూసి, వంటింటి డ్రమ్ములోంచి చెంబెడు ముంచుకుని ఆమె వెనకాలే వెళ్లింది.

అయితే సాయంత్రం నిండిన ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ అవుతోంది. ఎక్కడా చెమ్మ లేదు. ఎవరినన్నా అడుగుదామా అంటే దొంగకు తేలు కుట్టినట్టే ఉంది.

“ఎందుకలా కుర్చీ వేసుకుని అటకలోకి చూస్తున్నారు?” అంది భార్య.

“బల్లి.”

“నీళ్లు తాగుతోందా?”

బాబాయి కుర్చీ దిగాడు.

మర్నాడు బాలింత మళ్లీ వచ్చింది. ఈసారి చంకలో బిడ్డ ఉంది.

“మీ చలవే బాబాయిగారూ. వీధి నీళ్లు ఆగిపోయాక కూడా మా కొళాయిలో సన్నగా వస్తూనే ఉన్నాయి. పైవాళ్లంతా మీ మాట విని పొదుపు చేస్తున్నట్టున్నారు,” అని బిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది.

అప్పుడే స్నానం చేయించిన బిడ్డ. తల ఇంకా తడిగా ఉంది. ఆ బిడ్డ వైపు చూడడానికి కూడా బాబాయికి ముఖం చెల్లలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆమె వెళ్లాక, ప్లంబరు వాల్వు బిగించలేదు కాబోలని గొణిగాడు.

“బిగించడానికే వచ్చాడు. నేనే వద్దని పంపేశాను,” అంది భార్య, బియ్యం ఏరుతూ. “ఊరి నుంచి వచ్చిన పొద్దునే బొంతలు ఎండలో వేద్దామని అటక ఎక్కితే, మీ పొదుపంతా అక్కడే కనబడింది.”

“మరి నన్ను అడగలేదేం?”

“అడిగితే మీరు పాఠం చెబుతారు.”

ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. కాసేపటికి వీధి గొట్టంలో బుడబుడమని చప్పుడైంది. ఆయన లేవలేదు.

“లేవండి, మోటారు వేయండి,” అంది భార్య. “రేపు పొద్దున్న బిడ్డకు మళ్లీ నీళ్లు పోయాలి.”

బాబాయి వెళ్లి స్విచ్చి వేశాడు. తర్వాత మెట్లు దిగి, ఎవరూ చూడకుండా ఆ నోటీసు చింపి జేబులో పెట్టుకున్నాడు.