రెండు గంగాళాల శాసనం

ఆ సోమవారం ఎనిమిదో తరగతి పిల్లలను నంది గుడికి తీసుకెళ్ళి, గోడల మీది శాసనాలు చూపించాలని పురుషోత్తమ్ మేష్ట్రు ఏర్పాటు చేసుకున్నారు. కర్ణాటకలో చింతామణి దగ్గరి ఒక పల్లె బడిలో ఆయన సాంఘిక శాస్త్రం చెబుతారు. ఒంటరి మనిషి. ప్రతి మాటనూ లోపల ఒకసారి అనుకుని చూసుకునే అలవాటు వల్ల, ఆయన నోరు తెరిచేసరికి ఎదుటివాళ్ళు వేరే సంగతిలోకి వెళ్ళిపోయి ఉంటారు.

ఆయన చదువుకున్న రోజుల్లో చరిత్ర అంటే యుద్ధాలు, తేదీలు. ఉద్యోగంలో చేరాక ఢిల్లీ నుంచి కొత్త పాఠ్యప్రణాళిక వచ్చి, పాఠాన్ని పిల్లల బతుకుతో కలపమంది. పరీక్ష మాత్రం మారలేదు కనుక అందరూ నోట్సు చెప్పి రాయిస్తూనే ఉన్నారు. ఇప్పుడు అక్కడినుంచే ఇంకొకటి వచ్చింది. పిల్లలే ఆధారాలు వెదికి, ప్రశ్నించి, జరిగినదేమిటో తేల్చుకోవాలట. చిక్కబళ్ళాపురంలో ఆ శిక్షణ ముగించుకుని వస్తూ ఆయన బస్సు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నారు. జన్మంతా తాను చెప్పాలనుకున్న పాఠాన్ని ఎవరో ముఖం తెలియనివాళ్ళు తన కోసమే రాసి పంపినట్టుంది. వారానికి రెండు పీరియడ్లు అడిగి మరీ పుచ్చుకున్నారు.

సోమవారం గుడికి పోవాల్సిన బస్సు రాలేదు. డ్రైవరు దాన్ని పెళ్ళి బాడుగకు తోలుకుపోయాడు.

"మధ్యాహ్నం సాహేబ్రు వస్తాండారు," అన్నారు ప్రధానోపాధ్యాయిని సుజాతమ్మ. సాహేబ్రు అంటే తాలూకా విద్యాధికారి. "కొత్త పద్ధతి చూపిస్తామంటిరి. ఆయనకు నచ్చలేదంటే ఆ రెండు పీరియడ్లూ గణితానికి పోతాయి. నన్నేమీ అనొద్దప్పా."

పురుషోత్తమ్ తన బల్ల మీది రాగి చెంబు వైపు చూశారు. దాని అంచున తెలుగు అక్షరాల్లో 'సుబ్బరాయప్ప' అని చెక్కి ఉంది. ఆయన చిన్ననాటి మేష్ట్రు పేరది. బెత్తం పట్టి తేదీలు కంఠస్థం చేయించిన ఆ మనిషే, సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టి, ఏ ప్రణాళికలోనూ లేని తెలుగు అక్షరాలు నేర్పారు. తెలుగు మాట్లాడి కన్నడం చదివే ఊళ్ళో అదెందుకని ఎవరూ అడగలేదు. చివరి రోజుల్లో పిలిచి చెంబు ఇచ్చారు.

చెంబు చూస్తుండగానే ఉపాయం తట్టింది. తరగతికి వెళ్ళి పిల్లలకు చెప్పారు.

"మీ ఇండ్లలో పేరు చెక్కిన పాత సామాన్లు ఉంటాయి కదా. అవే మనకు శాసనాలు. తలా ఒకటి ఎత్తుకొని రాండి. ఎవురు చేయించినారు, మీ ఇంటికి యాడనుంచి వచ్చింది, చెప్పాల."

ఇంట్లో అడిగి తెమ్మనడం ఆయన మరిచారు. పెద్దలు టమాటా తోటల్లో ఉన్నారు. పిల్లలు అటకలెక్కారు.

కాసేపటికి తరగతి పెళ్ళివారి వంటశాలలా తయారైంది. మొదటి పిల్లవాడి పళ్ళెం మీద వెంకటప్ప పేరుంది. వాడి తాత నంజప్ప.

"ఇది మీ ఇంటికెట్లా వచ్చింది?"

"నామకరణానికి అడుక్కొచ్చినాము సార్. మళ్ళీ ఇయ్యలేదు."

రెండో పిల్ల తెచ్చిన బిందె మూడో పిల్ల వాళ్ళింటిది. మూడో పిల్ల తెచ్చిన టిఫిన్ క్యారియర్ బడిలో వంట చేసే ఆమెది. ఆమె కిటికీలోంచి దాన్ని గుర్తుపట్టి, గరిటె పక్కన పెట్టి, ఫోన్ తీసింది.

ఊళ్ళోకి చేరేసరికి కబురు కాస్త పెరిగింది. ఎవరి సామాను ఎవరింట్లో ఉందో సర్కారు లెక్క తీస్తోందట. టమాటా తోటలు ఖాళీ అయ్యాయి. పోగొట్టుకున్నవాళ్ళు వెదుక్కోవడానికి వచ్చారు. వాళ్ళకంటే వేగంగా, ఉంచుకున్నవాళ్ళు తిరిగివ్వడానికి వచ్చారు.

"మేష్ట్రూ, మేమే తెచ్చి ఇచ్చినామని మీరు చెప్పాల," అంటూ పిళ్ళప్ప ఒక ఇడ్లీ పాత్రను బల్ల మీద పెట్టాడు. "నిన్ననే ఇయ్యాలనుకొంటిమి."

"ఎప్పుడు తీసుకొన్నారప్పా?"

"మా పాప పుట్టినప్పుడు."

పాప తన బిడ్డను చంకనేసుకుని పక్కనే నిలబడి ఉంది.

అప్పుడు నేత్ర, చేతన్ సైకిళ్ళ మీది నుంచి చెరొక ఇత్తడి గంగాళం దించారు. పురుషోత్తమ్ తలుపు వైపు చూశారు. నేత్ర బైరప్ప మనవరాలు, చేతన్ గోపాలప్ప మనవడు. బైరప్ప కూతురి పెళ్ళికి గోపాలప్ప తన గంగాళం ఎరువిచ్చాడు. తిరిగొచ్చింది తనది కాదని గోపాలప్ప, అదేనని, తానేమీ దాచుకోలేదని బైరప్ప. అప్పటినుంచి మాటల్లేవు. పక్కపక్క పొలాలకు రెండు దారులు వేసుకున్నారు. ఇప్పుడా ఇద్దరూ తరగతి తలుపు దగ్గరే ఉన్నారు. వాళ్ళ వెనక సాహేబ్రు జీపు ఆగింది.

నేత్ర తెచ్చిన గంగాళం అంచున, మసి కింద, తెలుగు అక్షరాలున్నాయి.

"మీరే చదవాల సార్."

ఆయన వంగి చూశారు. గోపాలప్ప పేరు. అరిగిపోయింది, కనబడటం లేదు అంటే చాలు. పీరియడ్లు నిలుస్తాయి, ఊరూ నిలుస్తుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆధారం ఏం చెప్తే అదే ఒప్పుకోవాలని మీరే చెప్తిరి కదా సార్," అంది నేత్ర.

"గోపాలప్ప," అన్నారాయన.

బైరప్ప గోడ పట్టుకున్నాడు.

"చూస్తిరా? ఇన్నేండ్లూ నా గంగాళంలో నీళ్ళు కాచుకొన్నాడు," అన్నాడు గోపాలప్ప, బైరప్పతో తప్ప అందరితోనూ. సుజాతమ్మ కళ్ళు మూసుకున్నారు.

"ఒక ఆధారం చాలదు." అంది నేత్ర. "రెండోది కూడా చూడాలంటిరి. రేయ్ చేతన్, నీది తిప్పు."

చేతన్ తిప్పాడు. పురుషోత్తమ్ చదివారు. మళ్ళీ చదివారు.

"బైరప్ప."

ఒకే అంగడిలో కొన్న రెండు గంగాళాలు, పెళ్ళినాడు ఒకే చోట తోమినప్పుడు తారుమారయ్యాయి. తనది కాదన్న గోపాలప్ప మాట నిజం. దాచుకోలేదన్న బైరప్ప మాటా నిజం. ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళే ఆ రెండిళ్ళలో లేరు.

"ఆ పొద్దు తోమిందెవురు?" అన్నాడు గోపాలప్ప చివరికి. ఈసారి బైరప్పతోనే.

"ఇంకెవురు, నీ పెండ్లామూ నా పెండ్లామూ. మాట్లాడుకుంటా తోమినారు."

"అయితే నీది నువ్వు ఎత్తుకుపో."

"వద్దులేప్పా. నీ దాంట్లో నీళ్ళు బిరీన కాగుతాయి."

సాహేబ్రు ఆ జనాన్ని చూసి అక్కడే నిలబడిపోయారు. "ఇంతమంది తల్లిదండ్రుల్ని బడికి ఎట్లా రప్పించినారమ్మా?"

"కొత్త పద్ధతి సార్," అన్నారు సుజాతమ్మ.

పీరియడ్లు రెండూ నిలిచాయి. ఇంకొకటి కలిసింది. ఢిల్లీలోని ముఖం తెలియనివాళ్ళకూ, అరుగు మీద అక్షరాలు దిద్దించిన మేష్ట్రుకూ పురుషోత్తమ్ మనసులోనే ఒకే నమస్కారం పెట్టుకున్నారు. ఒకరు లేకుండా ఇంకొకరి వల్ల ఈ రోజు ఇది జరిగేది కాదు.

పోతూ పోతూ సాహేబ్రు చెంబు అందుకున్నారు. "మిగతా బడుల్లో చూపిస్తాను. రెండు దినాల్లో పంపిస్తా."

పురుషోత్తమ్ తగిన మాట కోసం లోపల వెదుక్కున్నారు. అది దొరికేసరికి జీపు మలుపు తిరిగింది. ఇంకో పాఠ్యప్రణాళిక వచ్చేలోపు చెంబు తిరిగొస్తుందని ఆయన నమ్మకం.