చెక్క నేల మీద పాటల పెట్టెలు

ఆదివారం పొద్దున అద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, స్పీకర్ల కింద ఇనుప కాళ్లు బిగించాలి, ఒక పాట పెట్టి చూసుకోవాలి, మధ్యాహ్నం హాయిగా కునుకు తీయాలి. వీధి చివర కళ్లద్దాల షాపు నడుపుతాడు కాబట్టి ఆయన్ని అందరూ అద్దాలాయన అనే అంటారు. జనం చూపు సరిచేయడం ఆయన వృత్తి, పాట సరిచేయడం ఆయన పిచ్చి. నడుమెత్తున్న రెండు స్పీకర్లు కొన్నప్పటి నుంచి ఆ పిచ్చి బాగా ముదిరింది.

చిక్కల్లా నేలతోనే వచ్చింది. వాళ్లు అద్దెకుండేది ఒక పాత ఇంటి పై వాటాలో. నేలంతా చెక్క. పాట పెడితే నేల కూడా గొంతు కలుపుతుంది. కింది వాటాలో ఇంటావిడ ఉంటుంది, రిటైరైన హెడ్మిస్ట్రెస్. పాట ఇలా ఎత్తుకుంటుందో లేదో, కింద నుంచి కర్రతో కప్పు మీద ఢాం ఢాం అని రెండు దెబ్బలు! అద్దాలాయన గుండె గుభేలుమనేది, చెయ్యి దానంతటదే పాట ఆపేసేది. నెలన్నరగా ఇదే వరస. ఆవిడ మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కదు, ఈయన భయంతో మెట్లు దిగి అడగడు.

నిన్న సాయంత్రం ఆవిడ ఆయన భార్యను పిలిచి, "రేపు సాయంత్రం మీ ఆయన్ని తీసుకురా అమ్మాయ్. ఆ పెట్టెల సంగతి తేల్చుకోవాలి" అంది. అద్దె ఒప్పందం చూస్తే ఈ నెలాఖరుతో అయిపోతోంది.

"ఏమండీ, ఖాళీ చెయ్యమనడానికే పిలుస్తోంది. పిల్ల బడి వెనక సందులోనే ఉంది. ఈ గాలీ వెలుతురూ మనకింకెక్కడ దొరుకుతాయి? మళ్లీ ఇళ్ల వేట నావల్ల కాదు. ఇల్లు పోతే మీరు ఆ పెట్టెల్లోనే కాపురం పెట్టుకోండి" అంది భార్య. మాట వెటకారంగానే ఉన్నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సాయంత్రానికల్లా కిందికి చుక్క చప్పుడు దిగకుండా చేస్తాగా!" అన్నాడు అద్దాలాయన.

సరిగ్గా అప్పుడే బావమరిది ఊడిపడ్డాడు. "నాకు తెలియదు" అనే మాట అతని నోట ఇంతవరకూ ఎవరూ వినలేదు.

"బావా, చెక్క నేలంటే డప్పు అనుకో. దాని మీద పెట్టెని చతికిలబెడితే మోగక ఏం చేస్తుంది? నువ్వు తెచ్చిన ఆ మొనదేలిన కాళ్ల మీద నిలబెట్టు. నేలకి తగిలేది సూది మొనంత. ఇక చప్పుడెక్కణ్నుంచి దిగుతుంది?"

ఇనుప కాళ్లు బిగించారు. పాట పెట్టారు. అబ్బ, ఏం పలికిందని! ఆ సంబరం తీరకుండానే కింద నుంచి ఢాం ఢాం, అదీ ఎన్నడూ లేనంత హుషారుగా. కంగారుగా పాట ఆపి స్పీకర్లు పక్కకి జరిపి చూస్తే, మొనలు దిగినచోటల్లా చెక్కకి చిల్లులు.

"చప్పుడు తగ్గలేదు సరికదా, ఆవిడ నేలనీ పొడిచారు!" అని భార్య తల పట్టుకుంది.

"మెత్తటిది పెట్టాలక్కా. చప్పుడంతా అదే మింగేస్తుంది" అంటూ బావమరిది సోఫా దిండ్లు లాక్కొచ్చాడు. దిండ్ల మీద స్పీకర్లు ఎక్కించి, పాట పెట్టి, ముగ్గురూ ఊపిరి బిగబట్టి నేల వైపు చూస్తూ నిలబడ్డారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత పడ్డ దెబ్బలకి టీపాయి మీద గ్లాసు గెంతింది. ఆ అదురుకి ఒక స్పీకరు అటూ ఇటూ తూలి బావమరిది బొటనవేలి మీద వాలింది.

"మనం తగ్గించేకొద్దీ ఆవిడ చెవులు పెరుగుతున్నాయేంట్రా?" అన్నాడు అద్దాలాయన, ఏడుపొక్కటే తక్కువగా.

"బరువు చాల్లేదు బావా. బండలు కావాలి" అన్నాడు బావమరిది కుంటుతూ.

పక్క వీధి రాళ్ల దుకాణంలో వంటగట్టుకి కోయగా మిగిలిన పెద్ద బండ ఒకటి దొరికింది. దాన్ని రెండుగా కోయించుకునే ఓపిక లేక అలాగే మెట్లెక్కించసాగారు. సగం దూరం వెళ్లాక బావమరిదికి దెబ్బ తగిలిన వేలు సలిపింది. "బావా, ఒక్క క్షణం" అని వదిలేశాడు. బండ మాత్రం ఆ క్షణం ఆగలేదు. టకటకా మెట్లు దిగిపోయి, బుద్ధిగా వెళ్లి హెడ్మిస్ట్రెస్ గారి ద్వారబంధానికి అడ్డంగా చేరగిలబడింది.

తలుపు తెరుచుకుంది. బండ పైన నెరిసిన జుట్టూ కళ్లద్దాలూ మాత్రమే కనిపించాయి. ఆ అద్దాలు చేసిచ్చింది తనే కాబట్టి, ఆవిడకి తను ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాడో అద్దాలాయనకి బాగా తెలుసు.

"ఏమయ్యా, నన్ను లోపలుంచి గోడ కట్టేస్తున్నావా?"

"అయ్యయ్యో, లేదు మేడమ్! మీకు చప్పుడు రాకుండా పైన బండ వేద్దామని..." ఆయన గొంతెత్తి చెప్పాడు. ఆవిడకి చెవులు బాగా మందమని వీధికంతా తెలుసు, ఆ అలవాటుతోనే గొంతెత్తాడు గానీ, భయంలో దాని సంగతే ఆలోచించలేదు. "పొద్దుట్నుంచీ వినపడుతోందనే కదా కొడుతున్నారు. ఇక చుక్క వినపడదు. ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యమనకండి మేడమ్, మీకు పుణ్యముంటుంది!"

"వినపడి కొట్టానా? వినపడక కొట్టానయ్యా!"

బండ చప్పుడుకి పై నుంచి పరుగెత్తుకొచ్చిన భార్య మెట్ల మీదే ఆగిపోయింది.

"బల్ల మీద బెత్తంతో రెండు కొడితే మా బడిలో మళ్లీ మొదట్నుంచి అని అర్థం. ఒకటో తరగతి పిల్లలకి తెలుసు. పాట మొదలు నాకు అందక కొడితే, నువ్వేమో కొట్టీ కొట్టగానే ఆపేస్తావు. నెలన్నరగా ఒక్క పాట పూర్తిగా విన్న పాపాన పోలేదు!"

"నోటితో ఒక్క మాట చెప్పొచ్చుగా మేడమ్?" అని అరిచాడు బావమరిది.

"కూనిరాగం తీసిన ప్రతి పిల్లచేతా గోడకుర్చీ వేయించిన దాన్ని. పాట వెయ్యమని నోరు తెరిచి ఎలా అడగను? ఆఖరికి సిగ్గు విడిచి అడుగుదామనే కదా సాయంత్రం రమ్మంది!" ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "రేడియో చెవిలో పెట్టుకున్నా నాకు గుసగుసే. మీ నేల మోగితే నా గోడ మోగుతుంది. మంచం గోడకి చేర్చి పడుకుంటే పాట ఎముకల్లోకి వస్తుంది. ఇవాళ పొద్దున ఒక్కసారి ఎంత బాగా వచ్చిందో! అప్పుడేం పెట్టావు?"

"ఇనుప కాళ్లు. వాటితో నేలకి చిల్లులు పడ్డాయి మేడమ్" అని గట్టిగా నిజం చెప్పేసింది భార్య.

"పడితే పడనీ, నేల నాది. అవే పెట్టండి. ఒప్పందం ఇంకో మూడేళ్లకి రాసుకుందాం. ఆ పెట్టెలు ఇల్లు కదలకూడదు, అదొక్కటే షరతు."

భార్య మెట్టు మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, నవ్వో ఏడుపో తెలియకుండా ఊగిపోయింది. ఇల్లు పోవడం లేదు, పిల్ల బడి మారక్కర్లేదు. అద్దాలాయనకి గుండెల మీంచి అసలు బండ ఇప్పుడు దిగినట్టయింది. కింది బండని పక్కకి లాగడానికి బావమరిదిని సాయం పట్టమన్నాడు, ఈసారి వేలు దూరంగా పెట్టుకోమన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇనుప కాళ్ల మీద నిలబడి స్పీకర్లు గొంతు విప్పాయి. కింద నుంచి దెబ్బలు పడగానే అద్దాలాయన చెయ్యి అలవాటుగా మీట మీదికి వెళ్లింది. భార్య ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. పాట మళ్లీ మొదటి నుంచి సాగింది. ఆయన కునుకు గంగలో కలిసింది గానీ, ఆ పూట ఆయనకి దాని మీద బెంగే లేదు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో పాటలు వినే హక్కు రెండు వాటాలకీ ఉంది, ఏ పాటో నిర్ణయించే హక్కు మాత్రం పై వాటాకి లేదు.