సున్నాగారి తేలికపాటి పని

ఆ ఉదయం సున్నాగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది గంటల షిఫ్టు మొదలయ్యేలోపు కాలు బెణికిన ఒక మనిషిని కారెక్కించి తీసుకురావాలి, కుర్చీలో కూర్చోబెట్టాలి, ఆ తర్వాత తీరిగ్గా టీ తాగాలి.

ఊళ్లోని ఆస్పత్రులకూ హోటళ్లకూ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఆయన క్షేమాధికారి. పనిలో దెబ్బ తగిలినవాళ్లకు పరిహారం ఇప్పించడం, కోలుకునే కొద్దీ మెల్లగా మళ్లీ పనిలోకి తేవడం ఆయన ఉద్యోగం. ఈ రెండింటికీ దగ్గరి దారి, అసలు ఎవరికీ దెబ్బలే తగల్లేదని రాయడమేనని ఆయన మొదటి ఏడాదిలోనే కనిపెట్టాడు. నాలుగేళ్లుగా నెలవారీ నివేదికలో ప్రమాదాల గడిలో సున్నా తప్ప మరో అంకె పడలేదు. పేరు అలా వచ్చింది. ఆయన దాన్ని బిరుదనుకునేవాడు.

ముందురోజు సాయంత్రం, ఇస్త్రీ విభాగంలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న పెద్దక్క, ఉతుకు యంత్రాల ముందు ఎప్పుడూ నిలిచి ఉండే నీళ్లలో జారిపడింది. చీలమండ బెణికింది. డాక్టరు పట్టీ వేసి, పదిహేను రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు. ఒక్క షిఫ్టు పూర్తిగా మానితే అది ప్రమాదం కింద లెక్క, మానకపోతే కాదు. నిబంధనల్లో సున్నాగారికి కంఠతా వచ్చిన వాక్యం అదొక్కటే.

ఆయన వెళ్లేసరికి పెద్దక్క రెండు దిళ్ల మీద కాలు పెట్టుకుని పడుకుని ఉంది. పెళ్లయ్యాక పగటిపూట పడుకోవడం అదే మొదటిసారి. ఆమె భర్త దర్జీ. చప్పుడుకు ఆమె లేస్తుందని కుట్టుమిషను కూడా ఆపేసి, చేత్తో బొత్తాలు కుడుతున్నాడు.

“డాక్టరు లేవొద్దన్నారు సార్,” అన్నాడు దర్జీ.

“లేవక్కర్లేదండీ. అక్కడికొచ్చి కూర్చుంటే చాలు. దీన్ని తేలికపాటి పని అంటారు. ఇంట్లో ఊరికే పడుంటే మనసు కుంగిపోతుందని పెద్దపెద్దవాళ్లు పరిశోధించి చెప్పారు.”

“నా మనసుకేం కాలేదు సార్, కాలికే అయింది,” అంది పెద్దక్క.

రాకపోతే హాజరు పోతుందని సున్నాగారు చాలా మెత్తగా చెప్పాడు. ఇల్లు గడిచేది ఎక్కువగా ఆమె జీతం మీదే. దర్జీ భార్యను రెండు చేతుల మీద ఎత్తుకుని కారు దాకా మోశాడు. సున్నాగారు కారు తలుపు తెరిచి పట్టుకుని తన వంతు శ్రమ చేశాడు.

మొదటి రోజు ఆమెను ఫోను దగ్గర కూర్చోబెట్టారు. దుప్పట్లేవని ఎవరు ఫోను చేసినా, బండి బయల్దేరింది, దారిలో ఉంది అని చెప్పడం ఆనవాయితీ. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

“మీ దుప్పట్లా? ఇంకా తడవనే లేదండీ. నాలుగో యంత్రం చెడిపోయి నెలైంది. ఎల్లుండి అడగండి,” అని ఆమె అడిగినవాళ్లందరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. మధ్యాహ్నానికి మూడు హోటళ్లవాళ్లు మేనేజరును పిలవమన్నారు. మేనేజరు సున్నాగారిని పిలిచాడు. ఆ గదిలోంచి బయటికొచ్చేటప్పుడు సున్నాగారి ముఖం అప్పుడే పిండి ఆరేసిన గుడ్డలా ఉంది.

నోటితో పనిలేని పని కావాలి. అందుకని రెండో రోజు ఆమెను తన గదిలోనే ఒక మూల కూర్చోబెట్టి, కాలు స్టూలు మీద పెట్టించి, ఏ పనీ చెప్పలేదు. పంతొమ్మిదేళ్లు ఆగకుండా ఆడిన చేతులు అవి. గంటలో ఆమె చేతికందిన అలమారంతా సర్దేసింది. అడుగున ఒక లావుపాటి పుస్తకం దొరికింది. పనిలో గాయపడినవారి హక్కులు, పరిహారం, తిరిగి పనిలో చేరే పద్ధతి, అన్నీ అందులో ఉన్నాయి. నాలుగేళ్ల క్రితం ప్రధాన కార్యాలయం పంపినప్పటి కవరు ఇంకా చింపలేదు.

చదవొచ్చా అని ఆమె అడిగింది. చదవడం కన్నా తేలికపాటి పని ఏముంటుందని సున్నాగారు సంతోషంగా ఒప్పుకున్నాడు.

పెద్దక్క అక్షరాల కింద వేలు పెట్టుకుని, ఎక్కడా ముడత మిగల్చకుండా ఇస్త్రీ చేసినట్టే చదివింది. విరామంలో కాలెలా ఉందని పలకరించడానికి వచ్చినవాళ్లను, మరి నీ చెయ్యెలా ఉంది, నీ నడుమెలా ఉంది అని తిరిగి అడిగింది. ఒకామెకు మూడేళ్ల క్రితం ఇస్త్రీ చేసే వేడి రోలరు కింద కాలిన వేలు ఇప్పటికీ వంగదు. బండి తోలేవాడు మూటలు ఎత్తీ ఎత్తీ సరిగ్గా నిలబడలేడు. అంతా తమ అజాగ్రత్తే అనుకున్నారు. పుస్తకం అలా అనలేదు. వెనక పేజీల్లో ఫారాలు కూడా ఉన్నాయి.

శుక్రవారానికి సున్నాగారి బల్ల మీద ముప్పైఏడు ఫారాలు చేరాయి.

“ఇదేంటి పెద్దక్కా?”

“మీరే కదా సార్ చదువుకోమన్నారు.”

“చదువుకోమన్నాను. పైకి చదవమన్లేదు.”

ఆ సాయంత్రం ఆయన ఆమె కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి వెళ్లి పడుకోమన్నాడు. పదిహేను రోజులు కాదు, నెల తీసుకోమన్నాడు. కారులో తనే దింపుతానన్నాడు. పెద్దక్కకు నిజంగానే పడుకోవాలని ఉంది. సాయంత్రమయ్యేసరికి కాలు వాచి పట్టీ బిగుసుకుపోతోంది. కానీ వేలు వంగనామె ఫారం ఇంకా సగంలోనే ఉంది. ఆ వేలితో ఆమె సొంతంగా రాసుకోవడం కుదరదు.

“ఇంట్లో పడుంటే మనసు కుంగిపోతుందన్నారుగా సార్,” అంది పెద్దక్క.

ఇక మిగిలింది సొరుగు. సున్నాగారు ఫారాలన్నీ అందులో పెట్టి తాళం వేశాడు. రెండో ప్రతి నేరుగా ప్రధాన కార్యాలయానికి పంపాలని పుస్తకంలో రాసి ఉందనీ, పెద్దక్క ఏ రోజువి ఆ రోజే పంపేసిందనీ ఆయనకు తెలియదు. ఆయన ఆ పుస్తకం చదవలేదు కదా.

సోమవారం ప్రధాన కార్యాలయం నుంచి ఒక అధికారిణి దిగింది. వచ్చీ రాగానే లాండ్రీ అంతా కలయదిరిగి, నీళ్లలో తన చెప్పులు కూడా తడుపుకుని వచ్చి, సున్నాగారి ఎదుట కూర్చుంది. అంతా ఆవిడే సొంతంగా చేసిందండీ, నాకేం తెలియదండీ అని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు.

“నాలుగేళ్లుగా మీ సున్నాలు చూసి మాకు అనుమానమే,” అంది అధికారిణి. “ఈ నెల మీ మీద విచారణ వేద్దామనుకున్నాం. ఇంతలో మీరే అన్నీ బయటపెట్టారు. దెబ్బ తగిలినావిడనే మీ గదిలో కూర్చోబెట్టి, అందరి చేతా చెప్పించారు చూడండీ, ఈ ఆలోచన ఇంతవరకూ ఎవరికీ రాలేదు.”

సున్నాగారు తెరిచిన నోరు మూశాడు. తర్వాత తన ఉద్యోగ జీవితంలోకెల్లా కష్టమైన పని చేశాడు. వినయంగా నవ్వాడు.

వారంలో నీళ్లు నిలిచే కాలువ బాగుపడింది. రోలరుకు అడ్డుకడ్డీ వచ్చింది. వేలు వంగనామె ఫారంతో కలిపి ముప్పైఎనిమిదింటిలో ముప్పైఐదు మంజూరయ్యాయి, ఆమెకు ఆపరేషను చేయించారు. పెద్దక్కను మూడు వారాలు జీతంతో ఇంటికి పంపి, ఆ తర్వాత కొన్నాళ్లు రోజుకు ఒక పూటే రమ్మన్నారు. వెళ్లేటప్పుడు ఆమె పుస్తకాన్ని సున్నాగారి బల్ల మధ్యలో పెట్టి వెళ్లింది. మూడు రోజులు ఆమె ఏకబిగిన నిద్రపోయిందనీ, కుట్టుమిషను మోత కూడా వినిపించలేదనీ దర్జీ తర్వాత అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

సున్నాగారికి పదోన్నతి వచ్చింది. మిగతా ఆరు శాఖల్లోనూ ఇదే పద్ధతిలో దాచిన గాయాలన్నీ వెలికితీయాలని ఉత్తర్వు. తోడుగా పెద్దక్కను ఇప్పించమని ఆయన బతిమాలుకున్నాడు. ఆమె విశ్రాంతిలో ఉందనీ, విశ్రాంతిలో ఉన్నవాళ్లను కదపకూడదనీ అధికారిణి గుర్తుచేసింది.

మర్నాడు ఆయన సెలవు పెట్టాడు. కారణం దగ్గర నడుము నొప్పి అని రాశాడు గానీ, అది పని వల్ల వచ్చిందా అనే గడి దగ్గర మాత్రం చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు.