తిరిగి రాని బిళ్ల

"ఆ యంత్రం నిన్ను లోపలికి రానిచ్చి, బయటికి పంపే సంగతి మర్చిపోతే ఏం గతి?"

గంగులమ్మ దిగులు పొద్దున్నే మొదలైంది. కూతురు చంద్రిక ఇంకా జడైనా వేసుకోలేదు. గనుల ఊరు ఆండర్సన్‌పేట చివర కొత్తగా లేచిన ఆఫీసులో ఆమెకు ఉద్యోగం. ఆ రోజునుంచి అక్కడి రాకపోకలు, దీపాలు, లిఫ్టు అన్నీ ఒక సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. గేటు దగ్గర కార్డు చూపిస్తే మనిషి లోపల ఉన్నట్టు, మళ్ళీ చూపిస్తే వెళ్ళిపోయినట్టు. ఒకరి కార్డు ఇంకొకరు వాడితే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయని మేనేజరు మూర్తి ఆర్డరు.

"అది గని కాదమ్మా, ఆఫీసు," అంది చంద్రిక.

గంగులమ్మకు తేడా కనిపించలేదు. ఆమె తండ్రి గని బోర్డు మీద తన అంకె ఉన్న ఇత్తడి బిళ్ల తీసుకొని లోపలికి దిగేవాడు. సాయంత్రానికి ఎవరి బిళ్లైనా బోర్డు మీదికి తిరిగి రాకపోతే, ఆ మనిషి పలికేదాకా వీధి వీధంతా గని నోటి దగ్గర పేరు పెట్టి పిలిచేది.

సాయంత్రం గంగులమ్మ ఫోనుకు ఆఫీసు సాఫ్ట్‌వేరునుంచి మెసేజీ వచ్చింది. పక్కింటి ఆటో మునేష్ చదివి, "చంద్రిక ఇంకా లోపలే ఉండాదంటక్కా," అన్నాడు. చంద్రికకు ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఇంకేముంది! గంగులమ్మ వెనకే ఎదురింటి వెంకటలక్ష్మమ్మ గునపంతో సహా ఆటో ఎక్కింది.

వాచ్‌మన్ సుబ్బరాయప్ప గేటుకు అడ్డం నిలిచాడు. "నీ కూతురు ఎప్పుడో పోయిందమ్మా. కార్డు లేదంటే నేనే గేటు తీసినా. సిస్టం తప్పు."

"తప్పయితే సరిచెయ్యప్పా! అంతవరకూ నేను కదల్ను."

ఆమె నోటికి జడిసి, చంద్రిక వెళ్ళిపోయినట్టు అతను గేటు దగ్గరి తెరమీద నొక్కాడు. ఇక లోపల ఎవరూ లేరని సాఫ్ట్‌వేరు లిఫ్టు ఆపి, దీపాలన్నీ ఆర్పేసింది.

"చూస్తిరా, నా బిడ్డను చీకట్లో పెట్టేసినారు!" గంగులమ్మ గొల్లుమంది. వెంకటలక్ష్మమ్మ గునపం ఎత్తింది.

అప్పుడొచ్చింది చంద్రిక, దర్జీ అంగడినుంచి, కొత్త రవికెతో. "ఏందమ్మా ఇది? ఫోనులో చార్జింగు అయిపోయింది, అంతే. పరువు తీస్తివి కదా. పద ఇంటికి."

చేరిన జనం నవ్వారు. గంగులమ్మ కూతుర్ని తల నుంచి కాళ్ళదాకా తడిమి చూసుకుంది. కానీ కదల్లేదు. "నువ్వు ఈడుంటే, నీ బిళ్ల యాడుండాది?"

చంద్రిక గొంతు తగ్గించింది. "పొద్దున మూర్తి సారు తనది ఇంట్లో మర్చిపోయొచ్చి, నాది చూపించి లోపలికి పోయినాడు. ఎవురికీ చెప్పొద్దన్నాడు. బయటపడితే నా పని పోతాది, పదమ్మా!"

"పోతే పోనీ! లోపలుండే మనిషిని వదిలి మన ఇంట్లో ఎవురూ తిరిగి రాలేదు, నేనూ రాను."

గంగులమ్మ వాచ్‌మన్‌ను పక్కకు తోసి, వెంకటలక్ష్మమ్మ గునపం లాక్కొని, ఆగిపోయిన లిఫ్టు తలుపు మీద దబదబా కొట్టింది. "మూర్తప్పా! ఉండావా?"

ఆమె ఇంకా గట్టిగా కొట్టింది.

"ఎవురి కార్డుతో పోయినావని ఎవురూ అడగరులేప్పా! పలుకు!"

వీధంతా విన్నది. లిఫ్టు లోపలినుంచి మూర్తి గొంతు వచ్చింది.

"... ఉండానమ్మా."

తెర మీద మాత్రం, భవనంలో ఎవరూ లేరు.